అల్లిక ఛాలెంజ్‌లు, చేతిపని సరదాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అల్లిక ఛాలెంజ్ అంటే పోటీయా? బహుమతులు ఇస్తారా?

చాలావాటిలో బహుమతి ఉండదు, గెలుపోటములు కూడా ఉండవు. ఒక గడువు, ఒక నియమం పెట్టుకుని నలుగురు ఒకేసారి అల్లడమే ఛాలెంజ్. రోజుకో చదరం, నెలకో జత మేజోళ్లు, ఏడాదంతా ఒకే దుప్పటి, ఇంట్లో మిగిలిన ఊలుతోనే ఆరు నెలలు గడపడం... ఇలా ఎన్నో రకాలు. నియమం మీరే రాసుకోవచ్చు, మధ్యలో మార్చుకోవచ్చు. అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

మరి ఎందుకంత హడావిడి అంటే, ఒంటరిగా మొదలుపెట్టిన స్వెట్టర్ రెండో చెయ్యి దగ్గర ఆగిపోతుంది. మొదటి చెయ్యి అల్లేటప్పుడున్న కుతూహలం రెండోదానికి ఉండదు కదా. ఆ రెండో చెయ్యి కోసమే గడువు, తోడు. నన్నడిగితే ఛాలెంజ్‌కున్న అసలు ప్రయోజనం ఇదొక్కటే.

మన ఎండలకి ఊలు అల్లికా? వేసుకునేదెవరు?

అందరూ అడిగేదే. ఆదిలాబాద్, లంబసింగి వైపు చలి గట్టిగానే ఉంటుంది కానీ, మిగతా చోట్ల స్వెట్టర్ బయటికి తీసేది ఏడాదికి కొన్ని వారాలే. అందుకని అల్లిక మానుకోనక్కర్లేదు, దారం మార్చుకుంటే సరి. నూలు దారంతో టేబుల్ గుడ్డలు, సంచులు, గుమ్మం తోరణాలు, చంటిపిల్లల టోపీలు, వేసవి పైటలు అన్నీ వస్తాయి. మెరీనో, అల్పాకా ఊలు అని విదేశీ పాటర్న్‌లో (ఎలా అల్లాలో రాసిన కాగితంలో) రాసి ఉందని మీరూ అదే కొనక్కర్లేదు.

అయితే ఒక్క చిక్కుంది. నూలుకి ఊలంత సాగే గుణం లేదు. ఊలుతో బిగువుగా పట్టుకునే అంచు నూలుతో అల్లితే నాలుగు ఉతుకుల్లో వదులైపోతుంది. టోపీ అంచులు, మణికట్టు పట్టీలు నూలుతో అల్లేటప్పుడు సూది ఒక సైజు తగ్గించండి.

ఇక అమెరికాలోనో కెనడాలోనో పిల్లలున్న ఇళ్లలో ఈ ప్రశ్నే రాదు. ఎంత అల్లినా అక్కడికి వెళ్లే సూట్‌కేసులో చోటుంటుంది.

రెండు సూదుల అల్లిక ముందు నేర్చుకోవాలా, క్రోషియానా?

బొమ్మలు, పువ్వులు, చదరాలు, లేసు ఇష్టమైతే క్రోషియా, అంటే ఒకే కొక్కెంతో అల్లేది. ఒంటికి వేసుకునేవి ఇష్టమైతే రెండు సూదులు. క్రోషియాలో కొక్కెం మీద ఒక్క కుట్టే సజీవంగా (విడిపోయేలా) ఉంటుంది కాబట్టి పని ఎక్కడైనా ఆపొచ్చు, పిల్లాడు లాగినా నష్టం తక్కువ. రెండు సూదుల పనిలో వరుసలోని కుట్లన్నీ సూది మీదే ఉంటాయి. సూది జారిందంటే గుండె జారినట్టే. కానీ బట్ట మెత్తగా, పల్చగా రావాలంటే దానికదే సాటి.

ఇంట్లో అమ్మమ్మకో మేనత్తకో ఏది వచ్చో అది ముందు నేర్చుకోండి. పక్కన కూర్చుని వేళ్లు పట్టి చూపించే మనిషికి ఏ వీడియో సాటిరాదు.

మొదటి ఛాలెంజ్‌గా ఏది మంచిది?

చిన్నది, ఒక్క పూటలో అయ్యేది. నూలు దారంతో గిన్నెలు తుడిచే గుడ్డ అంత మంచి గురువు లేదు. ఇరవై సెంటీమీటర్ల చదరం, వారానికొకటి, ఒక్కోదానికి ఒక్కో కొత్త కుట్టు. పాడైనా వంటింట్లో పనికొస్తుంది. పది గుడ్డలయ్యేసరికి పది కుట్లు వచ్చేస్తాయి.

ఒక జాగ్రత్త: వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డలకి యాక్రిలిక్ దారం వాడొద్దు. వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. అక్కడ నూలే వాడాలి.

రోజు వేడిని బట్టి వరుసకో రంగు అల్లే టెంపరేచర్ దుప్పటి అంటున్నారు. మన ఊళ్లో చేస్తే అంతా ఒకే రంగు రాదా?

వస్తుంది! విదేశీ పట్టికని యథాతథంగా దించుకుంటే విజయవాడ దుప్పటి నారింజ, ఎరుపు రెండే రంగుల్లో తేలుతుంది.

పద్ధతి ఇది. రోజుకొక వరుస. ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత ఏ అంతరంలో పడితే ఆ రంగు. ఏడాది చివరికి 365 వరుసలు. చలిదేశాల వాళ్లు ఐదేసి డిగ్రీలకు ఒక రంగు పెట్టుకుంటారు, ఎందుకంటే వాళ్లకి మైనస్ ఇరవై నుంచి ముప్పై అయిదు దాకా ఊగుతుంది. మనకి పగటి వేడి చాలావరకు 27కీ 43కీ మధ్యే. అందుకని రెండేసి డిగ్రీలకు ఒక రంగు పెట్టుకోండి, ఎనిమిది రంగులొస్తాయి. ముసురు పట్టిన రోజు గరిష్ఠం 25 దగ్గరే ఆగిపోతే దానికొక నీలం అట్టేపెట్టండి.

ఇంకో ఉపాయం, గరిష్ఠానికి బదులు కనిష్ఠం తీసుకోవడం. హైదరాబాద్‌లో డిసెంబర్ తెల్లవారుజాముకీ మే తెల్లవారుజాముకీ తేడా బాగా తెలుస్తుంది. నాకు మాత్రం వానని కలిపిన పద్ధతి ఇష్టం: రంగు ఎండని బట్టి, వాన పడిన రోజు ఆ వరుసలో పర్ల్ కుట్లు (గరుకుగా పైకి తేలే తిరగేసిన కుట్లు). జూన్ రెండో సగం నుంచి దుప్పటి మీద చెయ్యి పెడితే వేళ్లకి గరుకు తగులుతుంది, చూడక్కర్లేకుండానే వానాకాలం వచ్చిందని తెలుస్తుంది.

కూతురు అమెరికాలోని మినియాపొలిస్‌లో, అమ్మ గుంటూరులో ఉంటే ఇద్దరూ ఒకే పట్టికతో చెరో పట్టీ అల్లి చివర్లో కలిపి కుట్టుకోవచ్చు. అలాంటప్పుడు మాత్రం ఐదు డిగ్రీల అంతరమే నయం. గుంటూరు వైపు ఎర్రటి పట్టీ, అటువైపు తెలుపు, నీలం. జనవరి వరుసలు పక్కపక్కన పడ్డాయంటే ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పుకున్నా తెలియని చలి అక్కడ కనబడుతుంది.

లెక్క కూడా చెప్పుకుందాం. మామూలు డీకే (మధ్యస్థ) మందం ఊలు, నాలుగు మిల్లీమీటర్ల సూదులతో పది సెంటీమీటర్లకు సుమారు 22 కుట్లు, 28 వరుసలు వస్తాయి. 365 వరుసలంటే 130 సెంటీమీటర్ల పొడవు. వెడల్పుకి 200 కుట్లు ఎక్కిస్తే 91 సెంటీమీటర్లు. మొత్తం 73,000 కుట్లు, వెయ్యి మీటర్లకు పైగా ఊలు. రోజుకి 200 కుట్లంటే టీవీ సీరియల్ ఒక ఎపిసోడ్‌లో అయిపోయే పనే. మానేసి వారం తర్వాత కూర్చుంటే మాత్రం 1,400.

దారం కొసల సంగతి ముందే ఆలోచించండి. రోజూ రంగు మారితే వరుసకి రెండు కొసల చొప్పున 730 వేలాడతాయి. ఏ రోజు కొసలు ఆ రోజే లోపలికి అల్లేయండి. డిసెంబర్ 31 రాత్రి చూసుకుందామంటే ఫిబ్రవరి దాకా చూస్తూనే ఉంటారు.

ఊలు ఎంత కొనాలో తెలిసేదెలా? లేబుల్ మీద బరువే ఉంది, మీటర్లు లేవు.

మన బజారులో దొరికే చాలా ఉండలకి ఇదే తంటా. వంటింటి కాటా ఉంటే చాలు. అనుకున్న ఊలుతో 15 సెంటీమీటర్ల చదరం ఒకటి అల్లి తూచండి. ఎనిమిది గ్రాములు తూగిందనుకుందాం. చదరం వైశాల్యం 225 చదరపు సెంటీమీటర్లు. పైన చెప్పిన దుప్పటి సుమారు 11,830. అంటే 53 చదరాలంత, దాదాపు 420 గ్రాములు. పదిహేను శాతం ఎక్కువేసుకుని 500 గ్రాములు కొనండి.

అన్నీ ఒకేసారి కొనండి. లేబుల్ మీద రంగు నంబరుతో పాటు డై లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు ఉంటుంది. రంగు నంబరు ఒకటే అయినా డై లాట్ మారితే ఛాయ మారుతుంది. షాపులో ట్యూబ్‌లైటు కింద తెలియదు, ఎండలో వీపు మధ్యన గీత గీసినట్టు కనబడుతుంది. వేరే లాట్ తప్పకపోతే రెండు వరుసలు పాతది, రెండు వరుసలు కొత్తది మార్చి మార్చి అల్లితే ఆ గీత కరిగిపోతుంది.

సూది నంబర్లు ఎందుకిలా ఉన్నాయి? పాటర్న్‌లో 10 నంబరు అంటే 10 నంబరే కొన్నాను, సరిపోలేదు.

మన షాపుల్లో పాత బ్రిటిష్ నంబర్లు ఇంకా నడుస్తున్నాయి. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 12 అంటే 2.75. అమెరికా నంబర్లు దానికి పూర్తిగా తలకిందులు. అక్కడ 10 నంబరు అంటే 6 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెట్టింపు లావు. నంబర్లని పట్టించుకోవడం మానేసి మిల్లీమీటర్లే చూడండి. పాటర్న్‌లోనూ, సూది మీదా అవే వెతకండి.

క్రోషియాలో ఇంతకన్నా పెద్ద మోసం ఉంది. బ్రిటిష్ వాళ్లు డబుల్ క్రోషే అన్నది అమెరికన్లకి సింగిల్ క్రోషే. బ్రిటిష్ ట్రెబుల్, అమెరికన్ డబుల్ ఒక్కటే. పాటర్న్‌లో సింగిల్ క్రోషే అన్న మాట ఎక్కడైనా కనబడిందంటే అది అమెరికన్ పద్ధతి అని నిశ్చింతగా అనుకోవచ్చు, ఇప్పటి బ్రిటిష్ పద్ధతిలో ఆ పేరుతో కుట్టే లేదు.

శాంపిల్ ముక్క అల్లడం తప్పనిసరా? టైం దండగ కదా.

మఫ్లర్‌కి అక్కర్లేదు. ఒంటికి వేసుకునేదైతే తప్పదు.

పాటర్న్ ప్రకారం పది సెంటీమీటర్లకి 22 కుట్లు, ఛాతీ 100 సెంటీమీటర్లు, అంటే 220 కుట్లు. మీ చెయ్యి బిగువు, పదికి 24 వచ్చాయి. అవే 220 కుట్లకి మీ స్వెట్టర్ 92 సెంటీమీటర్లలోపే వస్తుంది. ఎనిమిది సెంటీమీటర్ల తేడా అంటే మీకనుకున్నది తమ్ముడికి వెళ్లినట్టే. సూది ఒక సైజు పెంచి మళ్లీ చూడండి. ముక్కని ఉతికి, ఆరాక కొలవండి. ముఖ్యంగా నూలు, ఉతక్కముందు ఒక మాట, ఉతికాక ఒక మాట చెబుతుంది.

మిస్టరీ అల్లికలో చేరొచ్చా? ఏం తయారవుతుందో తెలియకుండా అల్లడం భయంగా ఉంది.

పాటర్న్‌ని భాగాలుగా చేసి వారానికొకటి విడుదల చేస్తారు. శాలువా అనో మేజోడు అనో మాత్రమే ముందు చెబుతారు, రూపం చెప్పరు. సీరియల్లో రేపేం జరుగుతుందోనన్న ఆత్రం లాంటిదే ఇక్కడా. మొదటిసారైతే ఒక్క వారం వెనకబడి అల్లండి. ముందు వెళ్లినవాళ్ల ఫోటోలు చూశాక నచ్చకపోతే ఆపేయొచ్చు, ఎక్కడైనా పాటర్న్‌లో తప్పుంటే అప్పటికే సరిచేసి ఉంటారు. కొందరు దీన్ని దొంగాట అంటారు. అననివ్వండి.

ఒలింపిక్స్‌కి, అల్లికకి ఏదో సంబంధం ఉందని విన్నాను. నిజమేనా?

నిజమే. 2006 టురిన్ శీతాకాల ఒలింపిక్స్ సమయంలో కెనడాకు చెందిన ఒక అల్లిక రచయిత్రి సరదాగా ఒక పిలుపునిచ్చారు: ఆరంభ వేడుక జరుగుతుండగా కుట్లు ఎక్కించాలి, జ్యోతి ఆరేలోపు ముగించాలి, ఎంచుకునేది మీ నైపుణ్యానికి మించినదై ఉండాలి. వేలమంది చేరారు. తర్వాత 2007లో మొదలైన రావెల్రీ అనే అల్లికల వేదిక మీద ఆ సరదా రావెలింపిక్స్‌గా మారింది. 2012లో అమెరికా ఒలింపిక్ కమిటీ ఆ పేరు వాడొద్దంటూ నోటీసు పంపింది, అది క్రీడాకారుల్ని కించపరుస్తుందని కూడా అంది. అల్లేవాళ్లు ఊరుకోలేదు. ఎంత గోల చేశారంటే కమిటీ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. పేరు మాత్రం రావెలెనిక్ గేమ్స్ అయింది.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బ్రిటిష్ డైవర్ టామ్ డేలీ ప్రేక్షకుల మధ్య కూర్చుని తాపీగా అల్లుకుంటూ కెమెరాకి చిక్కాడు. అప్పటికే జతగా చేసిన పది మీటర్ల డైవింగ్‌లో స్వర్ణం గెలిచి ఉన్నాడు. గీతలు పడకుండా ఆ పతకానికొక చిన్న సంచి కూడా అల్లుకున్నాడు, ఒకవైపు బ్రిటిష్ జెండా, ఇంకోవైపు జపాన్ జెండా. 'మగాడు అల్లడమేంటి' అనే మేనమామలకి ఆ ఫోటో చూపించండి.

మన దగ్గర ఇలాంటి సామూహిక అల్లికలు జరిగాయా?

2016 జనవరిలో చెన్నైలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ అనే బృందం అతిపెద్ద క్రోషియా దుప్పటికి గిన్నిస్ రికార్డు సాధించింది. పదకొండు వేల చదరపు మీటర్లకు పైగా, అంటే రెండున్నర ఎకరాలు దాటిన దుప్పటి! ఎవరి ఇంట్లో వాళ్లు అల్లిన చదరాలన్నీ ఒకచోట చేర్చి కలిపారు. ఎవరి పని వాళ్లదే, గడువు మాత్రం అందరిదీ. మీ అపార్ట్‌మెంట్‌లో పదిమంది ఉంటే చిన్న ఎత్తున మీరూ చేయొచ్చు. మనిషికి పన్నెండు చదరాలు, అందరికీ ఒకే దారం, ఒకే సైజు సూది. అయినా చదరాలు సమానంగా రావు, చేతి బిగువు మనిషికొకటి. చివరి చుట్టు అందరివీ ఒక్కరే అల్లితే అంచులు కలుస్తాయి.

నరసాపురం లేసు నేర్చుకోవాలని ఉంది. అలవాటు లేనివాళ్లకి కష్టమా?

కుట్లు తేలికే. చైను, క్రోషే కుట్లు, వాటి మధ్య ఖాళీలు. కష్టమంతా దారం సన్నదనంలో, సమానంగా రావడంలో. ఉన్ని అల్లిన చేతికి ఆ సన్నటి నూలు మొదట్లో వెంట్రుకలా అనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి జిల్లాలకు వచ్చిన ఈ పని ఇళ్లలోకి ఎంత ఇంకిపోయిందంటే, అక్కడ ఆడవాళ్లు ఆ కొక్కెం వైపు చూడకుండా, అరుగు మీద కబుర్లు చెప్పుకుంటూ అల్లేస్తారు. పువ్వులు అల్లేది ఒకరు, అతుకు పని ఇంకొకరు. టేబుల్ గుడ్డ ఒకటైనా దాని మీద చాలా చేతులుంటాయి.

సరదాగా నేర్చుకునేవాళ్లు ఒక్క పువ్వుతో మొదలుపెట్టండి. మధ్యస్థ మందం దారంతో పదిసార్లు అదే పువ్వు అల్లి, తర్వాత దారం సన్నం చేసుకోండి.

2024లో నరసాపురం క్రోషియా లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాబట్టి మీరు బెంగళూరులోనో బోస్టన్‌లోనో అల్లినదాన్ని 'నరసాపురం లేసు' అని అమ్మకూడదు. ఆ పేరు అక్కడి నమోదైన ఉత్పత్తిదారులది. కొనేటప్పుడు బేరమాడే ముందు ఒక చిన్న పువ్వు మీరే అల్లి చూడండి, ధర గురించి నేనిక చెప్పక్కర్లేదు.

బొమ్మల కొలువు కోసం బొమ్మలు అల్లొచ్చా?

నాకు బాగా నచ్చే ఛాలెంజ్ ఇది, గడువు పంచాంగంలోనే ఉంది. సంక్రాంతికి కొలువు పెట్టే ఇళ్లు దీపావళి వెళ్లగానే మొదలెడితే సుమారు పది వారాలు దొరుకుతాయి. వారానికో బొమ్మ: రెండెడ్ల బండి, హరిదాసు, గంగిరెద్దు, గుమ్మడికాయ, కూరగాయల బుట్ట. దసరాకి పెట్టేవాళ్లు వేసవి సెలవుల్లోనే కూర్చోవచ్చు.

గుండ్రటి బొమ్మకి సూత్రం ఒకటే. మధ్యలో ఆరు సింగిల్ క్రోషేలు (అమెరికన్ పేరు), తర్వాతి చుట్టు పన్నెండు, ఆపైన పద్దెనిమిది, ఇరవైనాలుగు, ఇలా చుట్టుకి ఆరు పెంచుతూ పోవాలి. కావలసిన వెడల్పు రాగానే పెంచడం ఆపితే గోడలు లేస్తాయి. తగ్గిస్తూ వస్తే మూత పడుతుంది. తల, పొట్ట, గుమ్మడికాయ అన్నీ ఇదే లెక్క. కొక్కెం మాత్రం దారానికి చెప్పినదానికన్నా సన్నది వాడండి, లేకపోతే కుట్ల సందుల్లోంచి దూది తొంగిచూస్తుంది. హరిదాసు తల మీది పాత్ర విడిగా అల్లి కుట్టండి, తలతో పాటు అల్లితే అది టోపీలా కనబడుతుంది.

బూరుగు దూది ఇంట్లో ఉంటే కొలువు బొమ్మలకి వాడేయండి. పిల్లలు ఆడుకునే బొమ్మలకి మాత్రం పాలిస్టర్ ఫైబర్ మంచిది, బూరుగు దూది ఉతికితే ఉండలు కడుతుంది. చంటిపిల్లల బొమ్మలకి ప్లాస్టిక్ కళ్లు, పూసలు పెట్టకండి. నల్ల దారంతో కుట్టేయండి.

అల్లిక రాదు. వేరే చేతిపనులతో ఛాలెంజ్ చేయొచ్చా?

ఎందుకు చేయకూడదు! పాత నూలు చీరలు పరిచి బొంత కుట్టడం కన్నా మంచి ఏడాది పని ఏముంది? రోజుకి జానెడు. వైరు బుట్టలు మళ్లీ అడుగుతున్నారు. బుట్ట ఒక్కటి అయ్యేసరికి ముడి చేతికి వచ్చేస్తుంది. లంబాడీ అద్దాల పని చిన్న ముక్కల మీద మొదలుపెట్టి ఏడాది చివర్లో సంచిగా కలపొచ్చు. సూత్రమంతా ఒక్కటే, రోజు పని చిన్నదిగా ఉండాలి.

తప్పు పడితే విప్పాలా, వదిలేయాలా?

మూడడుగుల దూరం నుంచి కనబడకపోతే వదిలేయండి. లేసు అల్లికలో మాత్రం తప్పు కింది నుంచి పైదాకా పాకుతుంది, విప్పక తప్పదు. అందుకే ప్రతి డిజైను పూర్తయ్యాక, మొండి సూదితో ఆ వరుసలోని కుట్లన్నిటి గుండా వేరే రంగు సన్న దారం దూర్చి ఉంచండి. ఎంత విప్పినా అక్కడికొచ్చి ఆగుతుంది.

వేళ్లు, మణికట్టు నొప్పి పెడుతున్నాయి.

గడువు దగ్గరపడితే అందరూ చేసే పనే, నాలుగు గంటలు కదలకుండా కూర్చోవడం. అరగంటకోసారి లేవండి, వేళ్లు చాపండి. మోచేతుల కింద దిండు పెట్టుకోండి. పొడవాటి సూదుల చివర బరువంతా మణికట్టు మీద పడుతుంది. కేబులుతో కలిపిన సర్క్యులర్ సూదులైతే ఆ బరువు ఒళ్లో ఉంటుంది. తిమ్మిర్లు రాత్రిళ్లు కూడా వస్తుంటే అల్లిక ఆపి డాక్టర్‌కి చూపించండి.

డబ్బిచ్చి కొన్న పాటర్న్‌ని గ్రూపులో పంచొచ్చా?

వద్దు. దాన్ని రాసి, నాలుగైదు సైజులకి లెక్కలు కట్టి, ఇంకొకరితో అల్లించి చూసినవాళ్ల కూలి అది. ఉచితంగా దొరికే మంచి పాటర్న్‌లు వేలల్లో ఉన్నాయి, వాటి లింకు పంపండి.

అల్లినవి దాచేదెలా? వానాకాలంలో వాసనొస్తున్నాయి.

ఉతికి, పూర్తిగా ఆరాక మాత్రమే లోపల పెట్టండి. అసలైన ఊలుని పురుగు తింటుంది, యాక్రిలిక్‌ని తినదు. ఎండు వేపాకు మూటలు, మధ్యమధ్యలో గాలికి ఆరబెట్టడం, రెండూ చేయండి. హ్యాంగరుకి తగిలించొద్దు, భుజాలు సాగుతాయి. మడిచే పెట్టాలి. యాక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టెను ఆనించకండి. ఒక్కసారి వేడి తగిలిందంటే పొంగంతా పోయి ముక్క చప్పబడుతుంది, మళ్లీ లేవదు.